జేఈఈ, ఎంసెట్ సీటు అంచనా: వీకెండ్ టెస్టు, ప్రిడిక్టర్, కటాఫ్ పట్టిక, కన్సల్టెంటు... దేన్ని ఎంతవరకు నమ్మాలి

జేఈఈ మెయిన్‌లో 95 పర్సెంటైల్ వచ్చిందనగానే ఇంట్లో స్వీటు డబ్బా తెరుస్తారు. నూటికి తొంభై అయిదంటే పెద్ద మాటే కదా అని పెద్దవాళ్ల లెక్క. కానీ పర్సెంటైల్ మార్కు కాదు, పరీక్ష రాసినవాళ్లలో నూటికి ఎంతమంది మన వెనక ఉన్నారో చెప్పే అంకె. 2025లో రెండు సెషన్లూ కలిపి రాసినవాళ్లు 14,75,103 మంది. 95 పర్సెంటైల్ అంటే మన ముందు ఇంకా అయిదు శాతం, అంటే 73,750 మంది దాకా ఉన్నట్టు. ఆ ఏడాది ఐఐటీ, ఎన్‌ఐటీ లాంటి కేంద్ర సంస్థల సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో సీట్లన్నీ కలిపితే 62,853: ఐఐటీలవి 18,160, ఎన్‌ఐటీలవి 24,525, ట్రిపుల్‌ఐటీలవి 9,940, కేంద్ర సాయంతో నడిచే మిగతా సంస్థలవి 10,228. అందులో రిజర్వేషన్లు పోను ఓపెన్ కేటగిరీకి మిగిలేది 40.5 శాతమే. ఓపెన్ కేటగిరీ అబ్బాయికి 95 పర్సెంటైల్‌తో వరంగల్ ఎన్‌ఐటీ కంప్యూటర్ సైన్స్ గురించి మాట్లాడుకోవడం కాలక్షేపానికి తప్ప పనికిరాదు.

ఈ లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. 100లోంచి పర్సెంటైల్ తీసేసి, మిగిలినదాన్ని 14,750తో గుణించండి. 97కి 44,250, 98కి 29,500, 99కి 14,750, 99.5కి 7,375 వస్తుంది. అసలు ర్యాంకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, రాసేవాళ్ల సంఖ్య మారితే ఇదీ మారుతుంది. అయినా డిసెంబరులో కూర్చుని అంచనా వేసుకోవడానికి ఇది చాలు. అర పర్సెంటైల్ తేడా అంటే ఏడు వేల పైచిలుకు ర్యాంకులని ఒకసారి కంటికి కనబడితే, "98 దాకా వచ్చేస్తాడులెండి" అనే నోటిలెక్క దానంతటదే ఆగిపోతుంది.

"మావాడికి సీటొస్తుందంటారా?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. సీటు అనేది ఒకటి కాదు. ఒక్కో సీటుకీ అయిదు గుర్తులుంటాయి: సంస్థ, బ్రాంచి, కోటా, కేటగిరీ, అమ్మాయిల సీటా ఉమ్మడి సీటా. ఈ అయిదూ కలిస్తేనే ఒక కటాఫ్, అంటే ఆ సీటు దొరికిన చివరి ర్యాంకు. కాబట్టి ముందు మీ పిల్లవాడి ర్యాంకు ఏ రెండు అంకెల మధ్య పడొచ్చో తేల్చుకోవాలి, ఆ తర్వాత ఏ సీట్ల కటాఫ్‌లు ఆ మధ్యలో ఉన్నాయో చూడాలి. మొదటిదానికి వీకెండ్ టెస్టులూ ప్రిడిక్టర్లూ, రెండోదానికి కటాఫ్ పట్టికలూ కన్సల్టెంట్లూ. నాలుగింటినీ ఒకే గాటన కట్టేయడంతోనే గందరగోళం మొదలవుతుంది.

వీకెండ్ టెస్టు మార్కులు

కాలేజీ పెట్టే పరీక్ష తర్వాత ఇంటి ఫోనుకి వచ్చే మెసేజీలో రెండంకెలుంటాయి, మార్కులూ ర్యాంకూ. ర్యాంకుని వదిలెయ్యండి. టాప్ సెక్షన్లో 40వ ర్యాంకు వేరు, మూడో సెక్షన్లో 40 వేరు. కొన్నిచోట్ల సెక్షన్‌ని బట్టి పేపరే మారుతుంది. మార్కులు చూడండి, అవి కూడా ఫుల్ సిలబస్ గ్రాండ్ టెస్టులవే. ఆ వారం చెప్పిన చాప్టర్ల మీద పెట్టిన పరీక్షలో 240 వచ్చినా దాని విలువ తక్కువ. పైగా ఒకే మెటీరియల్లోని లెక్కలు టెస్టుల్లో తిరిగి తిరిగి వస్తుంటాయి. లెక్క చూడగానే జవాబు గుర్తొస్తే, అది జ్ఞాపకశక్తికి పడిన మార్కు.

ఎనిమిది గ్రాండ్ టెస్టుల్లో 300కి వచ్చిన మార్కులు ఇలా ఉన్నాయనుకోండి: 142, 168, 155, 121, 173, 160, 149, 158. ఇంట్లో అందరికీ గుర్తుండేది 173 ఒక్కటే. దాన్నీ, అడుగున ఉన్న 121నీ కొట్టేయండి. మిగిలినవి 142 నుంచి 168 వరకు. అదే మీవాడి బ్యాండు. కొత్త సెంటరు, కంప్యూటర్ తెర, పొద్దున్నే ఎక్కడో ఊరి చివరికి ప్రయాణం, ఇవన్నీ ఉంటాయి కాబట్టి సీటు అంచనాకి కింది కొస 142ని పట్టుకోవాలి. 168 ఆప్షన్ల జాబితాలో పై వరసలు నింపడానికి పనికొస్తుంది.

మార్కుల కంటే ఎక్కువ చెప్పేది జవాబుల పత్రం. పై వాటిలో 149 వచ్చిన పరీక్షనే తీసుకుందాం. 75 ప్రశ్నల్లో 51 పెట్టాడు, 40 రైటు, 11 తప్పు. నలభై నాలుగుల 160, అందులోంచి 11 పోతే 149. ఇప్పుడు ఆ పదకొండు తప్పుల్నీ విడదీయాలి. నాలుగు గుర్తు తప్పో కూడిక తప్పో చేసినవి అనుకోండి. ఒక్కోటి సరిచేస్తే పోయిన ఒకటి తిరిగొచ్చి, రావలసిన నాలుగు వస్తాయి, అంటే అయిదు చొప్పున 20 మార్కులు. 149 కాస్తా 169 అవుతుంది. ఇంకో నాలుగు గుడ్డిగా పెట్టినవైతే, అవి పెట్టకుండా ఉంటే మరో 4 మిగిలేవి. మిగతా మూడు రెండు ఆప్షన్ల మధ్య తేల్చుకోలేక పోయినవి. వాటిని అలా వదిలెయ్యొచ్చు, అలాంటి చోట సాహసం చేయడం తప్పేమీ కాదు. న్యూమరికల్ ప్రశ్నలకూ ఇప్పుడు నెగెటివ్ ఉంది. "అంకెల ప్రశ్నకి తప్పయినా పోయేదేం లేదు" అని సీనియర్లు చెప్పిన మాట పాతబడింది.

ముట్టుకోని 24 ప్రశ్నలు ఏ సబ్జెక్టులో ఉన్నాయో కూడా చూడాలి. ఇనార్గానిక్ కెమిస్ట్రీలో వదిలేసినవైతే ఆరు వారాల్లో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం గట్టిగా చదివి చాలావరకు రాబట్టుకోవచ్చు. మ్యాథ్స్‌లో టైము చాలక వదిలేసినవైతే రెండు నెలల్లో పెద్దగా మారదు. ఒకే 149 వచ్చిన ఇద్దరు పిల్లల్లో ఒకరు ఏప్రిల్‌కి 175 దాకా పోవడం, ఇంకొకరు 150 దగ్గరే ఉండిపోవడం ఈ తేడా వల్లే. కాలేజీని ర్యాంకు షీటు అడిగేవాళ్లు చాలామంది, ఈ జవాబుల షీటు అడిగేవాళ్లు తక్కువ.

ప్రిడిక్టర్లు

నెట్‌లో దొరికే ఈ అంచనా లెక్కలు రెండు రకాలు. మార్కులిస్తే పర్సెంటైల్ చెప్పేవి కొన్ని, ర్యాంకిస్తే కాలేజీ చెప్పేవి కొన్ని. మొదటిరకం ఎప్పుడూ ఒక అంచనాయే. మెయిన్ చాలా షిఫ్టుల్లో జరుగుతుంది, పర్సెంటైల్ ఏ షిఫ్టుకి ఆ షిఫ్టు లెక్క. అవే 180 మార్కులకు కఠినమైన షిఫ్టులో 99 దాటొచ్చు, తేలిక షిఫ్టులో దాటకపోవచ్చు. ఒక్క అంకె చెప్పే ప్రిడిక్టర్ కంటే "ఇంత నుంచి ఇంత" అని చెప్పేదే నయం. రెండుమూడింట్లో చూసి తక్కువ చెప్పినదాన్ని తీసుకోండి. ఎంత నమ్మొచ్చో పరీక్షించాలంటే, చుట్టాల్లో పోయినేడు రాసినవాళ్ల మార్కులూ షిఫ్టూ అందులో ఇచ్చి, వాళ్లకి నిజంగా వచ్చిన పర్సెంటైల్‌తో పోల్చి చూడండి.

రెండో రకం వెనక ఉండేది జోసా పట్టికే. దాన్ని నేరుగా చూసుకోగలిగితే మధ్యలో ఇది అక్కర్లేదు. చాలావాటికి ముందు ఫోను నంబరు ఇవ్వాలి. ఇచ్చిన మర్నాటి నుంచి ఎక్కడెక్కడి కాలేజీల ఏజెంట్లో ఫోన్లు మొదలుపెడతారు. ఇంట్లో వాడని నంబరుంటే అదివ్వండి.

జనవరి సెషన్ ఫలితం వచ్చిందంటే వీకెండ్ టెస్టుల పనీ, మార్కుల ప్రిడిక్టర్ల పనీ దాదాపు అయిపోయినట్టే. దేశం మొత్తంతో కలిసి రాసిన అసలు పరీక్ష చేతిలో ఉన్నాక, క్యాంపస్ టెస్టుతో పనేముంది? ఏప్రిల్‌లో మళ్లీ రాస్తే రెంటిలో మంచిదే లెక్కకొస్తుంది కాబట్టి జనవరి స్కోరు కింద పరిచిన వల లాంటిది. దాన్ని కింది కొసగా పెట్టుకుని లెక్క కట్టండి.

కటాఫ్ పట్టిక చదవడం

నాలుగింటిలో గట్టిగా నమ్మదగ్గది ఇదే. డబ్బూ అక్కర్లేదు. జోసా వెబ్‌సైట్లో ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు ఏళ్లవారీగా, రౌండ్లవారీగా ఉంటాయి. అయినా ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే.

మొదటి తప్పు ర్యాంకు కలపడంలో. ఓపెన్ సీటు పక్కన ఉన్న అంకె కామన్ ర్యాంకు. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, ఎస్సీ, ఎస్టీ సీట్ల పక్కన ఉన్నవి ఆయా కేటగిరీ లోపలి ర్యాంకులు. ఓబీసీ వరసలో 6,000 అని చూసి, తన కామన్ ర్యాంకు 18,000 అని దిగులుపడేవాళ్లున్నారు. ఆ పిల్లవాడి ఓబీసీ ర్యాంకు ఎంతో చూస్తే 6,000 లోపే ఉండొచ్చు. స్కోర్‌కార్డులో రెండు ర్యాంకులూ ఉంటాయి. ఏ వరసకి ఆ ర్యాంకు.

రెండోది పరీక్ష కలపడం. ఐఐటీల వరసల్లో ఉన్నది మెయిన్ తర్వాత ఐఐటీల కోసం విడిగా రాసే అడ్వాన్స్‌డ్ పరీక్ష ర్యాంకు, మిగతా సంస్థలవి మెయిన్ ర్యాంకు. మెయిన్‌లో 9,000 వచ్చిందని తిరుపతి ఐఐటీ వరస చూసుకుని లాభం లేదు.

మూడోది రౌండు. 2024లో జోసా అయిదు రౌండ్లు పెట్టింది, 2025లో ఆరు. చూడాల్సింది చివరి రౌండు క్లోజింగ్ ర్యాంకు. మొదటి రౌండు అంకె చూస్తే ఆశ అనవసరంగా చస్తుంది. పై ర్యాంకుల వాళ్లు ఐఐటీకో వేరే కోర్సుకో తరలిపోయేకొద్దీ కటాఫ్ కిందికి జారుతుంది. జోసా తర్వాత ఎన్‌ఐటీ, ట్రిపుల్‌ఐటీల్లో మిగిలిన సీట్లకి సీఎస్‌ఏబీ ప్రత్యేక రౌండ్లుంటాయి. ఐఐటీలకి అవి లేవు. కనీసం మూడేళ్ల చివరి రౌండు అంకెలు పక్కపక్కన రాసుకుని, వాటిలో అన్నిటికంటే కఠినమైన ఏడాదిని పట్టుకోండి. బొంబాయి ఐఐటీ కంప్యూటర్ సైన్స్ లాంటి చోట ఏళ్లు మారినా అంకె పెద్దగా కదలదు: ఓపెన్‌లో 2023లో 67, 2024లో 68. పేరున్న ఎన్‌ఐటీల సివిల్, మెటలర్జీ లాంటి బ్రాంచీల్లో మాత్రం ఏడాదికేడాది వేలల్లో ఊగుతుంది. అక్కడ ఒక్క ఏడాది చూసి "గ్యారంటీ" అనుకోకూడదు.

నాలుగోది హోమ్ స్టేట్. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు ఆ రాష్ట్రం వాళ్లకే. ఈ రాష్ట్రం అనే మాట దగ్గరే విజయవాడ, గుంటూరు ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. ఆధార్ చిరునామా, నాన్నగారి ఊరు ఇక్కడ లెక్కలోకి రావు. ఇంటర్ ఎక్కడ పాసయ్యారో అదే హోమ్ స్టేట్. గుంటూరు అమ్మాయి హైదరాబాద్ హాస్టల్లో ఉండి అక్కడే ఇంటర్ పాసైతే ఆమెకు వరంగల్ ఎన్‌ఐటీ హోమ్ స్టేట్, తాడేపల్లిగూడెంలోని ఎన్‌ఐటీ ఆంధ్రప్రదేశ్ అదర్ స్టేట్. ఖమ్మం నుంచి వచ్చి విజయవాడలో చదివినవాళ్లకి సరిగ్గా తిరగబడుతుంది. పట్టికలో హోమ్ స్టేట్, అదర్ స్టేట్ వేర్వేరు వరసలు. ఎవరిది ఏదో ముందు తేల్చుకోండి. ట్రిపుల్‌ఐటీల్లో, అంటే కర్నూలు, శ్రీసిటీ లాంటివాటిలో, ఈ గొడవ లేదు.

అమ్మాయిలకు ప్రత్యేక వరస ఉంది, ఐఐటీల్లో ఆ వాటా 20 శాతం. ఆ వరస కటాఫ్ ఉమ్మడి వరస కంటే సడలుగా ఉంటుంది. అబ్బాయిల తల్లిదండ్రులు దాన్ని చూసి "పోయినేడు ఇంత ర్యాంకుకీ వచ్చింది" అనుకుంటారు.

కన్సల్టెంట్లు

డబ్బు తీసుకుని ఆప్షన్లు పెట్టిచ్చేవాళ్లు విజయవాడలోనూ గుంటూరులోనూ కావలసినంతమంది. పట్టిక చదవడం వచ్చాక వాళ్లతో పెద్దగా పని లేదు. ఇంట్లో ఎవరికీ కంప్యూటర్ అలవాటు లేకపోతే వెళ్లండి, కానీ "ఈ సీటు ఏ కోటాలో, ఏ రౌండులో, ఏ ఏడాది ఇంత ర్యాంకుకి వచ్చిందో చూపించండి" అని అడగండి. తెర తిప్పి చూపించగలిగితే కూర్చోండి. మాట మార్చి ఏదో ఒక కాలేజీ మేనేజ్‌మెంట్ సీటు గురించి చెప్పడం మొదలుపెడితే ఆయన జీతం ఎక్కడినుంచి వస్తుందో అర్థమైనట్టే. పాస్‌వర్డూ, ఓటీపీ వచ్చే ఫోనూ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

అడ్వాన్స్‌డ్ దాకా పోవాలా

మెయిన్ రాసినవాళ్లలో 2,50,000 మందికే అడ్వాన్స్‌డ్ రాసే అర్హత. 2025లో ఓపెన్ వాళ్లకి ఆ గీత 93.10 పర్సెంటైల్ దగ్గర పడింది, 2024లో 93.24, 2023లో 90.78. గీత దాటడం వేరు, సీటు వేరు. 2025లో అడ్వాన్స్‌డ్ రాసినవాళ్లు 1,80,422 మంది, క్వాలిఫై అయినవాళ్లు 54,378, సీట్లు 18,160. అంటే "క్వాలిఫై అయ్యాడు" అన్న ముగ్గురిలో ఇద్దరికి ఐఐటీ సీటు లేదు. ఓపెన్ సీట్లు ఏడు వేల మూడొందల పైచిలుకు, అందులోనూ అమ్మాయిల వాటా పోవాలి.

మెయిన్ మాక్‌లలో 200 దాటని పిల్లవాడిని అడ్వాన్స్‌డ్ పేపర్లతో మార్చి, ఏప్రిల్ నెలల్లో రుద్దడం దండగ అనే అంటాం. ఆ నెలలు ఎంసెట్‌కీ ఇంటర్‌కీ ఇస్తే కచ్చితంగా ఫలితం కనబడుతుంది. ఐఐటీకైనా ఎన్‌ఐటీకైనా ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65), లేదా బోర్డులో టాప్ 20 పర్సెంటైల్ ఉండాలన్నదీ మరవకూడదు.

ఎంసెట్ లెక్క వేరు

ఆంధ్రప్రదేశ్‌లో పేరు ఈఏపీసెట్‌గా మారి ఏళ్లయినా మన నోట ఎంసెటే. 160 ప్రశ్నలు, మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మూడు గంటలు, నెగెటివ్ లేదు. ఒక్కో ప్రశ్నకి 67 సెకన్లు. మెయిన్‌లో ఒక్కోదానికి 144 సెకన్లు దొరుకుతాయి. అందుకే జేఈఈ బాగా చేసే పిల్లలు ఎంసెట్లో చివరి ఇరవై ప్రశ్నలు ముట్టుకోకుండానే లేచి వచ్చేస్తారు. తెలియకపోయినా అన్నీ పెట్టి రావాల్సిన పరీక్ష ఇది. దీనికి వేగం విడిగా సాధన చేయాలి.

ర్యాంకులో 75 శాతం ఎంసెట్ మార్కులది, 25 శాతం ఇంటర్ గ్రూపు మార్కులది. కొవిడ్ నాటి రోజుల్లో ఈ వెయిటేజీ తీసేశారు, 2023 నుంచి మళ్లీ ఉంది. ఇద్దరిని పోల్చి చూద్దాం. ఒకరికి ఎంసెట్లో 110, గ్రూపులో 97 శాతం. 110ని 160తో భాగించి 75తో గుణిస్తే 51.56, ఇంటర్ వాటా 24.25, మొత్తం 75.81. ఇంకొకరికి ఎంసెట్లో 114, గ్రూపులో 90 శాతం. 53.44కి 22.50 కలిపితే 75.94. నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకున్నా చివరికి మిగిలిన ఆధిక్యం పదమూడు వందోవంతులు. సూటిగా చెప్పాలంటే ఇంటర్‌లో రెండు శాతం పోతే ఎంసెట్లో ఒక మార్కు పైన పోయినట్టే. ప్రాక్టికల్స్, బోర్డు పరీక్షల సమయంలో "ఇంటర్ ఎలాగైనా వస్తుంది" అని వదిలేసే జేఈఈ బ్యాచీలు ఇక్కడే నష్టపోతాయి. షిఫ్టుల నార్మలైజేషన్ (పేపరు కష్టాన్ని బట్టి మార్కులు సర్దడం) వల్ల 160లో ఉన్న మార్కు కాస్త మారుతుంది, అది మన చేతిలో లేదు.

కాలేజీల లాస్ట్ ర్యాంకుల పట్టికలో కృష్ణా, గుంటూరు వాళ్లు ఆంధ్ర యూనివర్సిటీ ప్రాంతపు లోకల్ వరస చూడాలి. 85 శాతం సీట్లు లోకల్‌కే. లోకల్ అంటే ఇంటర్ వరకు వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి, లేదంటే ఏడేళ్లలో ఎక్కువకాలం ఎక్కడ చదివితే అక్కడ. ఎన్‌ఐటీ హోమ్ స్టేట్ నియమానికీ దీనికీ పొంతన లేదు. రెంటినీ విడివిడిగా చూడాలి. హైదరాబాద్ కాలేజీల సంగతంటే, విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌తో తీరింది. ఆంధ్రలో చదివినవాళ్లు మామూలుగా వాటి కన్వీనర్ సీట్లని లెక్కలోంచి తీసెయ్యాలి.

ఎంసెట్ లాస్ట్ ర్యాంకుల్ని జోసా పట్టికంత గుడ్డిగా నమ్మకూడదు. 2024-25 నుంచి ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ సీట్ల పరిమితి ఎత్తేసింది, పెద్ద కాలేజీలు కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు పెంచుకున్నాయి. అక్కడ లాస్ట్ ర్యాంకు సడలుతుంది, ఆ మేరకు మెకానికల్, సివిల్ ఖాళీ అవుతాయి. కానూరు వీఆర్ సిద్ధార్థ లాంటి కాలేజీ డీమ్డ్ యూనివర్సిటీ అయితే అందులో చేరాల్సినవాళ్లు పీవీపీ సిద్ధార్థకో గుంటూరు ఆర్‌వీఆర్ అండ్ జేసీకో మళ్లుతారు, అక్కడ బిగుసుకుంటుంది. ఎస్సీ వర్గీకరణ 2025లో వచ్చింది కాబట్టి అంతకుముందు ఎస్సీ లాస్ట్ ర్యాంకుల్ని నేరుగా పోల్చకూడదు. పోయినేటి అంకెకి నూటికి పది, పదిహేను అటూ ఇటూ వదిలి అంచనా కట్టడం మంచిది.

ఆప్షన్లు పెట్టేటప్పుడు ఇష్టం ఉన్న వరసలోనే పెట్టాలి, రావడానికి వీలున్న వరసలో కాదు. పైన రాని ఆప్షన్ పెట్టినంత మాత్రాన కింద వచ్చే సీటు పోదు. ముప్ఫై వేల ర్యాంకువాడు మొదట్లో పదివేల సీట్లు నాలుగు పెట్టుకున్నా నష్టం లేదు. చివర్లో కచ్చితంగా అందే సీట్లు ఆరేడు లేకపోతేనే చిక్కు.

ప్రైవేటు, డీమ్డ్ సంగతి

అమరావతిలో విట్-ఏపీ, ఎస్‌ఆర్‌ఎం-ఏపీ, వడ్డేశ్వరంలో కేఎల్, వడ్లమూడిలో విజ్ఞాన్: ఇవన్నీ తమ సొంత పరీక్షలు పెడతాయి, ఫలితాలూ ఫీజు గడువులూ జేఈఈ కంటే ముందే వస్తాయి. ఆ తొందరే అసలు సమస్య. సీటు ఖాయం చేసుకోవడానికి కట్టిన డబ్బులో, వదులుకుంటే ఎంత, ఏ తేదీ లోపు తిరిగొస్తుందో రాతపూర్వకంగా చూసి కట్టండి. విట్-ఏపీ, ఎస్‌ఆర్‌ఎం-ఏపీ లాంటి ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లకు ఎంసెట్ కౌన్సెలింగ్ దారి కూడా ఉంది. డీమ్డ్‌వాటికి అది ఉండదు. బిట్స్‌కి పోవాలనుకునేవాళ్లకి బిట్‌శాట్ 130 ప్రశ్నలు, 390 మార్కులు, రైటుకి 3, తప్పుకి ఒకటి పోతుంది. మెయిన్ కంటే లెక్కలు చిన్నవి, వేగం ఎక్కువ, ఇంగ్లిషూ లాజికల్ రీజనింగూ అదనం. ఎంసెట్‌కి సాధన చేసిన వేగం ఇక్కడ పనికొస్తుంది.

బైపీసీ వాళ్లకి ఒక్క హెచ్చరిక. నీట్‌లో మార్కుతో అంచనా కట్టకండి, ర్యాంకుతోనే కట్టండి. 2024లో 600 మార్కులకు ర్యాంకు ఎనభై వేల దరిదాపుల్లో ఉంది. 2025లో పేపరు కఠినంగా వచ్చేసరికి అదే 600కి పదిహేను వందల లోపు ర్యాంకు. "గుంటూరు మెడికల్ కాలేజీకి ఇన్ని మార్కులు కావాలి" అని ఎవరైనా ఏడాది చెప్పకుండా అంకె చెబితే ఆ అంకెకి అర్థం లేదు.

సర్టిఫికెట్లు

ర్యాంకు వచ్చాక సీటు పోయే దారి ఇది. ఓబీసీ-ఎన్‌సీఎల్ (క్రీమీ లేయర్‌లో లేని ఓబీసీ), ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినవై ఉండాలి. నవంబరులో దరఖాస్తు కోసం తీసుకున్నది జూన్‌లో చెల్లదు. పైగా రాష్ట్ర బీసీ జాబితా, కేంద్ర ఓబీసీ జాబితా ఒకటి కావు. బీసీ సర్టిఫికెట్ ఉంది కదా అని జేఈఈ దరఖాస్తులో ఓబీసీ అని టిక్ పెట్టేముందు కేంద్ర జాబితాలో కులం పేరు ఉందో లేదో చూడాలి, ఫార్మాటు కూడా కేంద్రానిదే కావాలి. ఈడబ్ల్యూఎస్‌కి ఆదాయం 8 లక్షల లోపుంటే చాలదు, కుటుంబానికి అయిదెకరాలు అంతకుమించి పొలం ఉంటే కుదరదు. కృష్ణా డెల్టాలో ఉమ్మడి పట్టాలున్న ఇళ్లు ఇది ముందే తేల్చుకోవాలి. ఏప్రిల్ మొదటి వారంలోనే సచివాలయంలో దరఖాస్తు పెట్టేస్తే జూన్ హడావుడి ఉండదు.

లాంగ్ టర్మా, వచ్చిన సీటా

అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్లు మాత్రమే రాయొచ్చు. అంటే ఇంటర్ అయ్యాక ఒక్క ఏడాదే అవకాశం. మెయిన్ మూడేళ్లు. ఐఐటీలో సీటు తీసుకుని చేరితే మళ్లీ అడ్వాన్స్‌డ్ రాయడానికి వీల్లేదు. కాబట్టి "ఏదో ఒక ఐఐటీలో చేరి, నచ్చకపోతే మళ్లీ రాద్దాం" అనే లెక్క చెల్లదు.

లాంగ్ టర్మ్ (ఏడాది ఆగి మళ్లీ కోచింగ్) ఫీజు కట్టేముందు పైన చెప్పిన జవాబుల విశ్లేషణ మళ్లీ చేయండి. తప్పుల్లో సగం పైన కూడికల తప్పులూ, ఇంటర్ రెండో ఏడాది సిలబస్ పూర్తికాక వదిలేసినవీ అయితే ఏడాది పెట్టడంలో అర్థముంది. పోయిన మార్కులు ఎక్కడున్నాయో కనబడుతోంది. గ్రాండ్ టెస్టుల్లో ఆర్నెల్లుగా ఒకే బ్యాండులో ఉండి, మూడు సబ్జెక్టుల్లోనూ సమంగా పోతుంటే, మరో ఏడాది అదే మెటీరియల్‌తో పెరిగేది తక్కువ. అలాంటప్పుడు ఎన్‌ఐటీలో నచ్చని బ్రాంచి కంటే ఎంసెట్లో నచ్చిన బ్రాంచి మేలు. ఏ సెక్షన్లో వేస్తారన్నది పిల్లవాడి మార్కుల్ని బట్టి ఉంటుంది కాబట్టి, ఫీజు కట్టకముందే సెక్షన్ పేరు, ఆ సెక్షన్‌కి మ్యాథ్స్ చెప్పేదెవరో అడిగి, పోయినేడు అదే సెక్షన్లో చదివిన ఇద్దరితో ఫోన్లో మాట్లాడండి.